సభ్యులూ దాతలూ: ఒకటికి మించిన వర్గాలతో కాంటాక్టులను వడగట్టడం ఎలా?

ఉత్తరాలసంచి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే బాధ్యత ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. మా చిరునామా పుస్తకంలో సుమారు 1,400 కాంటాక్టులు ఉన్నాయి. నాకంటే ముందు ఇద్దరు దానిని నిర్వహించారు. ప్రతి కాంటాక్టుకూ ఒకటో రెండో, కొన్నింటికి నాలుగైదు వర్గాలు తగిలించి ఉన్నాయి. సభ్యులు, దాతలు, వలంటీర్లు, విలేఖరులు, మాజీ సభ్యులు, రక్తదాతలు అనేవి అందులో ముఖ్యమైనవి. వీటితోపాటు "లేఖలు వద్దన్నవారు" అనే వర్గం కూడా ఒకటి ఉంది.

ఇప్పుడు మా సభ్యుల్లో దాతలు కూడా అయినవారికి మాత్రమే ఒక ఆహ్వానం పంపవలసి ఉంది. వారిలోంచి లేఖలు వద్దన్నవారిని తప్పించాలి. ఫిల్టర్ కిటికీలో "సభ్యులు", "దాతలు" అనే రెండు వర్గాలకూ టిక్ పెట్టి చూస్తే 405 పేర్లు వచ్చాయి. "సభ్యులు" ఒక్కటే ఎంచుకుంటే 310, "దాతలు" ఒక్కటే ఎంచుకుంటే 140 వస్తున్నాయి. రెండు షరతులు పెడితే జాబితా తగ్గాలి కదా, పెరగడమేమిటో నాకు అర్థం కాలేదు. పేర్లను ఒక్కొక్కటిగా కళ్లతో చూసి ఏరడం మొదలుపెట్టాను గానీ, రెండు వందల పేర్లు దాటేసరికి ఎవరిని చూశానో ఎవరిని చూడలేదో గుర్తుండటం లేదు. నేను వాడుతున్నది అవుట్‌లుక్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము పాత డెస్క్‌టాప్ రూపం. దారి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాతకలం

మీ ప్రోగ్రాము పొరపాటేమీ చేయలేదండి. మీరు అడిగినదానికి అది వేరే అర్థం తీసుకుంది. రెండు వర్గాలకు టిక్ పెడితే చాలా ప్రోగ్రాములు "ఈ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపించు" అనే అర్థం చేసుకుంటాయి. మీకు కావలసింది "ఈ రెండూ ఒకే వ్యక్తికి ఉంటేనే చూపించు" అన్నది. మొదటిది సమ్మేళనం, రెండవది ఛేదనం. బడిలో సమితుల పాఠంలో గీసిన రెండు వృత్తాలను గుర్తు తెచ్చుకోండి. రెండు వృత్తాల మొత్తం మీకు వచ్చింది, అవి ఒకదానిమీద ఒకటి పడిన నడిమి భాగం మీకు కావాలి.

ఈ గందరగోళానికి మన భాషకు కూడా కొంత పాత్ర ఉన్నదని నా నమ్మకం. "సభ్యులకూ దాతలకూ పంపండి" అంటే ఎవరైనా రెండు గుంపులకూ పంపుతారు, అంటే అది సమ్మేళనం. "సభ్యులూ దాతలూ అయినవారికి పంపండి" అంటే రెండూ అయినవారికే పంపుతారు, అంటే అది ఛేదనం. రెండు వాక్యాల్లోనూ పదాల చివర ఉన్నది అదే దీర్ఘం, తేడా అంతా "అయినవారికి" అనే ఒక్క మాటలో ఉంది. కమిటీ సమావేశంలో ఎవరో నోటిమాటగా చెప్పిన కోరికను ఫిల్టర్‌గా మార్చేటప్పుడు ఆ ఒక్క మాట జారిపోతే జాబితా మొత్తం మారిపోతుంది. అందుకే నేను ఎవరైనా జాబితా అడిగినప్పుడు, "ఒక వ్యక్తి సభ్యుడే గానీ దాత కాడనుకోండి, అతనికి ఈ ఉత్తరం వెళ్లాలా, వద్దా?" అని తప్పకుండా అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో ఏ షరతు పెట్టాలో తేలిపోతుంది.

ఇంకొక మాట. మీరు ఇచ్చిన మూడు అంకెల్లోనే మీకు కావలసిన అంకె దాగి ఉంది. 310కి 140 కలిపితే 450 అవుతుంది. ఫిల్టర్ చూపినది 405. రెండు వర్గాల్లోనూ ఉన్నవారిని మనం రెండుసార్లు లెక్కించాము గనుక, ఆ తేడా 45 మందే మీ ఆహ్వానితులు. లేఖలు వద్దన్నవారిని ఇంకా తీసివేయలేదు. ఈ 45ను కాగితంమీద రాసి పెట్టుకోండి. మీరు ఏ పద్ధతిలో వడగట్టినా చివరికి ఈ అంకె రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఉత్తరాలసంచి

పాతకలం గారూ, ధన్యవాదాలు. తప్పుగా వచ్చిన జాబితాలోంచే సరైన అంకె దొరుకుతుందని నేను అనుకోలేదు. ఇంతకీ ఆ 45 మంది పేర్లను రాబట్టడం ఎలా?

నాలుగోమెట్టు

అవుట్‌లుక్ పాత డెస్క్‌టాప్ రూపంలో ఇది సాధ్యమే గానీ, దారి కొంచెం లోపలగా ఉంటుంది. సులభమైన పద్ధతి ముందు చెబుతాను.

కాంటాక్టుల ఫోల్డరులో పైన ఉన్న వెతుకుడు పెట్టెలో రెండు వర్గాలనూ షరతులుగా రాసి, మధ్యలో "యాండ్" అనే మాటను ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాయాలి. ప్రతి షరతులోనూ "కేటగిరీ" అనే ఇంగ్లీషు మాట, దాని తర్వాత రెండు చుక్కలు, సమాన గుర్తు, ఆపైన కొటేషన్ గుర్తుల మధ్య వర్గం పేరు ఉండాలి. చిన్న అక్షరాలతో రాస్తే దానిని షరతుల్ని కలిపే మాటగా తీసుకోదు, మామూలు పదంగా వెతుకుతుంది. ఒక్కసారికి కావలసిన జాబితా అయితే ఇది చాలు. "ఆర్", "నాట్" అనే మాటలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

మళ్లీ మళ్లీ వాడుకునే జాబితా అయితే వ్యూ ట్యాబ్‌లోని వ్యూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫిల్టర్ తెరవాలి. అందులో మోర్ ఛాయిసెస్ అనే ట్యాబ్‌లో కేటగిరీస్ బటన్ ఉంటుంది. మీరు టిక్ పెట్టింది ఇక్కడే అనుకుంటాను. ఇక్కడ ఎన్ని టిక్కులు పెట్టినా "ఏ ఒక్కటి ఉన్నా" అనే అర్థమే వస్తుంది. పక్కనున్న అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో షరతులు ఒక్కొక్కటిగా చేర్చవచ్చు గానీ అక్కడ ఒక మెలిక ఉంది. వేర్వేరు గడుల మీద పెట్టిన షరతులన్నీ నెరవేరాలని అది భావిస్తుంది, ఒకే గడి మీద రెండు షరతులు పెడితే మాత్రం ఏ ఒక్కటి నెరవేరినా చాలునని భావిస్తుంది. అంటే "వర్గం సభ్యులు, ఊరు ఫలానా" అనేది మనం ఆశించినట్టే పనిచేస్తుంది. "వర్గం సభ్యులు, వర్గం దాతలు" అనేది మళ్లీ 405 దగ్గరికే తీసుకుపోతుంది.

దీనిని దాటాలంటే చివరనున్న ఎస్‌క్యూఎల్ (డేటాబేసును ప్రశ్నించే భాష) ట్యాబ్ కావాలి. ముందుగా మోర్ ఛాయిసెస్‌లో ఒక్క వర్గానికే టిక్ పెట్టి ఈ ట్యాబ్‌లోకి వచ్చి చూడండి. ప్రోగ్రాము తానే రాసుకున్న షరతు అక్కడ కనిపిస్తుంది. షరతులను స్వయంగా మార్చుకునే చిన్న పెట్టెకు టిక్ పెట్టి, ఆ షరతునే నకలు తీసి, రెండవ నకలులో వర్గం పేరు మార్చి, మధ్యలో "యాండ్" చేర్చండి. ఇక్కడ టిక్ పెట్టిన తర్వాత మిగిలిన ట్యాబులు పనిచేయవు, అది చూసి కంగారుపడవద్దు. ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, ఈ మార్పులన్నీ మీరు రోజూ చూసే వ్యూలో చేయకండి. కొత్త వ్యూ ఒకటి సృష్టించి, దానికి "సభ్యులైన దాతలు" అని పేరు పెట్టి, అందులో చేయండి. లేకపోతే రేపు పుస్తకం తెరిచినప్పుడు 1,400 మందికి బదులు 45 మందే కనిపించి గుండె ఆగినంత పని అవుతుంది.

కొందరు సెర్చ్ ఫోల్డర్ సృష్టించమని సలహా ఇస్తారు. అవి ఉత్తరాలకే తప్ప కాంటాక్టులకు పనిచేయవు గనుక ఆ దారిలో వెళ్లి సమయం వృథా చేసుకోకండి.

ఉత్తరాలసంచి

నాలుగోమెట్టు గారూ, ఎస్‌క్యూఎల్ ట్యాబ్ దాకా వెళ్లగలిగాను. అయితే నకలు తీయడానికి బదులు, మరొకచోట చదివిన పద్ధతిలో "వర్గం గడిలో ఈ మాట ఎక్కడ ఉన్నా సరే" అనే అర్థం వచ్చే షరతును చేత్తో రాశాను. రెండు షరతుల మధ్య "యాండ్" కూడా పెట్టాను. జాబితా తగ్గిందిగానీ 52 మంది వచ్చారు. పాతకలం గారి లెక్క ప్రకారం 45 మందే రావాలి. ఆ లెక్క చేతిలో లేకపోతే ఈ 52 మందికీ ఆహ్వానం వెళ్లిపోయి ఉండేది. అదనంగా వచ్చిన ఆ ఏడుగురు ఎవరై ఉంటారు?

పాతకలం

మీ వర్గాల పట్టికను ఒకసారి మళ్లీ చదవండి. "రక్తదాతలు" అనే పేరులో చివరి మూడు అక్షరాలు ఏమిటి?

ఉత్తరాలసంచి

నిజమే! ఏడుగురూ సభ్యులూ రక్తదాతలూ అయినవారే, విరాళం ఇచ్చినవారు కారు. ఇప్పుడే ఒక్కొక్క కార్డూ తెరిచి చూసి నిర్ధారించుకున్నాను.

నాలుగోమెట్టు

"గడిలో ఎక్కడ ఉన్నా" అనే షరతుకు పదాల హద్దులు తెలియవు, అక్షరాల వరుస మాత్రమే తెలుస్తుంది. "రక్తదాతలు"లో "దాతలు" దొరుకుతుంది. అలాగే "మాజీ సభ్యులు"లో "సభ్యులు" దొరుకుతుంది. రెండవది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది అర్థాన్నే తలకిందులు చేస్తుంది. మీ 52 మందిలో మాజీ సభ్యులు లేకపోవడం, మాజీ సభ్యుల్లో ఈ రెండు రకాల దాతలూ ఎవరూ లేకపోవడం వల్ల జరిగిందే తప్ప, ఫిల్టర్ గొప్పతనం కాదు. అందుకే ప్రోగ్రాము స్వయంగా రాసిన షరతునే నకలు తీసుకోమన్నాను.

వెన్నెలవాకిలి

థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము వాడేవారు కూడా ఈ చర్చ చదువుతారు గనుక నాలుగు మాటలు చేర్చనివ్వండి. థండర్‌బర్డ్‌లో ఉత్తరాలకు ట్యాగులు ఉన్నాయి గానీ, దాని సొంత చిరునామా పుస్తకంలో కాంటాక్టులకు వర్గాలు తగిలించే సౌకర్యం కనబడదు. చాలామంది ఈ లోటును మెయిలింగ్ లిస్టులతో పూడ్చుకోవాలని చూస్తారు. ఒకే వ్యక్తిని రెండు లిస్టుల్లో చేర్చవచ్చు, కానీ రెండు లిస్టుల్లోనూ ఉన్నవారెవరో చెప్పమంటే అది చెప్పలేదు. నేను కార్డ్‌బుక్ అనే పొడిగింపును వాడుతున్నాను. అందులో ప్రతి కార్డుకూ వర్గాలు రాయవచ్చు, ఎడమవైపు చెట్టులో పుస్తకం కింద ఆ వర్గాలన్నీ కొమ్మలుగా కనబడతాయి. అన్ని షరతులూ నెరవేరాలా, ఏదో ఒకటి నెరవేరితే చాలా అనేది ఎంచుకుని అన్వేషణను తయారుచేసి, దానిని ఒక పుస్తకంలాగా భద్రపరచుకోవచ్చు. పుస్తకంలో కొత్త కార్డు చేరినప్పుడు షరతులకు తగినదైతే ఆ అన్వేషణలో కూడా అదే కనబడుతుంది.

మాక్ కంప్యూటర్లలోని కాంటాక్ట్స్‌లో దీనికి సాటివచ్చేవి స్మార్ట్ గ్రూపులు. కొత్త రూపాల్లో వాటిని స్మార్ట్ లిస్టులని పిలుస్తున్నారు. "ఈ కార్డు ఫలానా గ్రూపులో సభ్యత్వం కలది" అనే షరతును రెండుసార్లు చేర్చి, పైన "అన్నీ" ఎంచుకుంటే నడిమి భాగం వస్తుంది. "సభ్యత్వం లేనిది" అనే షరతు కూడా అక్కడే ఉంటుంది. లేఖలు వద్దన్నవారిని తప్పించే పని దానితో నేరుగా జరిగిపోతుంది.

మౌనపాఠకురాలు

నేను ఇక్కడ ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. "లేఖలు వద్దన్నవారు" అనే మాట చూసిన తర్వాత ఊరుకోలేకపోయాను.

నేను ఇటువంటి బాధ్యతలోనే ఉన్నప్పుడు, ముందుగా లేఖలు వద్దన్నవారిని తీసివేసి మిగిలిన జాబితాను ఒక కాంటాక్ట్ గ్రూపుగా భద్రపరచాను. ప్రతి నెలా అదే గ్రూపుకు పంపుతూ వచ్చాను. ఆ మధ్యకాలంలో మరో నలుగురు తమకు ఉత్తరాలు వద్దని రాశారు. వారి కార్డులకు వర్గం తగిలించి, పని పూర్తయిందనే అనుకున్నాను. గ్రూపు అనేది ఆ రోజు ఎవరెవరు ఉన్నారో రాసి పెట్టుకున్న పట్టిక, ఫిల్టర్ అనేది అడిగిన ప్రతిసారీ కొత్తగా వెతికే ప్రశ్న. ఈ తేడా నాకు అప్పుడు తెలియదు. ఆ నలుగురికీ మూడు నెలలపాటు ఉత్తరాలు వెళ్లాయి. వారిలో ఒకరు ఆప్తుణ్ణి పోగొట్టుకున్న దుఃఖంలో ఉండి, ఆ కారణంగానే ఉత్తరాలు వద్దన్నారు. ఆమె రెండవసారి రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. క్షమాపణ చెప్పాను గానీ, వద్దని చెప్పిన మనిషి మాటను మనం వినలేదన్న బాధ క్షమాపణతో పోయేది కాదు.

కాబట్టి ఉత్తరాలసంచి గారికి నా విన్నపం ఇది. రెండు వర్గాలు కలవడం ఎంత ముఖ్యమో, మూడవ వర్గాన్ని తీసివేయడం అంతకంటే ముఖ్యం. కలిసేచోట పొరపాటు జరిగితే ఒకరికి ఆహ్వానం అందకపోవచ్చు, దానిని మరునాడు సరిదిద్దుకోవచ్చు. తీసివేసేచోట పొరపాటు జరిగితే దానిని వెనక్కి తీసుకోలేము. తీసివేసే షరతును పంపే రోజున, పంపే ముందు పెట్టండి. నిన్నటి జాబితాను నమ్మవద్దు.

పాతకలం

మౌనపాఠకురాలు గారూ, మీరు రాసినందుకు సంతోషం. తీసివేత గురించి ఒక సాంకేతిక విషయం చేరుస్తాను. "నాట్" షరతు ఒక్కటే పెట్టి, పక్కన మరే షరతూ లేకపోతే, ఏ వర్గమూ తగిలించని కాంటాక్టుల సంగతి ఏమవుతుందో తప్పక పరీక్షించుకోవాలి. కొన్ని ప్రోగ్రాములు ఖాళీ గడిని "ఆ మాట లేని గడి"గా పరిగణించి చూపిస్తాయి. డేటాబేసు పద్ధతిలో ఆలోచించేవి మాత్రం ఖాళీ గడిని "తెలియనిది"గా భావించి, అవుననీ కాదనీ చెప్పక పక్కన పెట్టేస్తాయి. మీ జాబితాలో సభ్యులు, దాతలు అనే రెండు షరతులు ముందే ఉన్నాయి గనుక మీకు ఈ చిక్కు రాదు. "లేఖలు వద్దన్నవారు తప్ప అందరికీ" అనే జాబితా కావలసిన రోజున మాత్రం వస్తుంది.

షరతులు మూడైనప్పుడు బ్రాకెట్లు కూడా అవసరమవుతాయి. "సభ్యులు లేదా వలంటీర్లు, అయితే లేఖలు వద్దన్నవారు కాకూడదు" అన్నప్పుడు మొదటి రెంటినీ ఒక బ్రాకెట్‌లో పెట్టకపోతే, చాలా ప్రోగ్రాములు "యాండ్"ను ముందుగా తీసుకుంటాయి. అప్పుడు లేఖలు వద్దన్న నియమం వలంటీర్లకే వర్తించి, వద్దన్న సభ్యులందరికీ ఉత్తరం వెళుతుంది. జార్జ్ బూల్ 1854లో ఆలోచనా నియమాల మీద రాసిన గ్రంథంలో తర్కాన్ని బీజగణితంలాగా రాశాడు. కూడికకంటే గుణకారం ముందు చేయాలని మనం బడిలో నేర్చుకున్న నియమమే ఇక్కడ "ఆర్", "యాండ్" వేషంలో కనబడుతుంది.

గడులపట్టిక

జీమెయిల్ వాడేవారి సంగతి ఎవరూ ఎత్తలేదు. గూగుల్ కాంటాక్ట్స్‌లో వర్గాలను లేబుళ్లంటారు. ఎడమవైపు లేబుల్ నొక్కితే ఆ ఒక్క లేబుల్ ఉన్నవారు కనబడతారు. రెండు లేబుళ్లు కలిసినచోటు కావాలంటే నేను జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలు పెట్టి రాసిన సాదా పాఠంగా) ఎగుమతి చేసి స్ప్రెడ్‌షీట్‌లో వడగడతాను. ఏ ఈమెయిల్ ప్రోగ్రామైనా ఈ దారి మూసి ఉండదు గనుక, అవుట్‌లుక్ వాడేవారికి కూడా ఇది పనికివస్తుంది.

ఫైలు తెరిచేటప్పుడే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఎక్సెల్‌లో ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు పేర్లు, తెలుగు వర్గాలు అర్థంకాని గుర్తులుగా మారవచ్చు. డేటా ట్యాబ్‌లోంచి దిగుమతి చేసుకుని, అక్షరాల సంకేత పద్ధతి అడిగినచోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిగ్గా వస్తాయి.

ఇక వర్గాలన్నీ ఒకే గడిలో ఇరుక్కుని ఉంటాయి. గూగుల్ ఫైలులో వాటి మధ్య మూడు జంట చుక్కల గుర్తులు (:::) ఉంటాయి. అవుట్‌లుక్ ఫైలులో సెమికోలన్ ఉంటుంది. ఎక్సెల్ ఆటోఫిల్టర్‌లో ఒక కాలమ్ మీద రెండు షరతులు పెట్టి, మధ్యలో "యాండ్" గానీ "ఆర్" గానీ ఎంచుకోవచ్చు. మూడవ షరతుకు అక్కడ చోటు లేదు. అడ్వాన్స్‌డ్ ఫిల్టర్ వాడితే ఆ పరిమితి పోతుంది. పైన ఖాళీ గడుల్లో "వర్గాలు" అనే శీర్షికనే మూడుసార్లు పక్కపక్కన రాసి, కింద ఒకే వరుసలో మూడు షరతులు రాస్తే మూడూ నెరవేరినవే వస్తాయి. వేర్వేరు వరుసల్లో రాస్తే ఏ ఒక్కటి నెరవేరినా వస్తాయి. ఈ అడ్డు నిలువుల పద్ధతి అలవాటైతే "యాండ్", "ఆర్" అనే మాటలు కూడా గుర్తుపెట్టుకోనవసరం లేదు.

"రక్తదాతలు" చిక్కుకు స్ప్రెడ్‌షీట్‌లో చక్కని మందు ఉంది. పక్కన ఒక సహాయక కాలమ్ పెట్టి, వర్గాల గడిలో ఉన్న పాఠానికి ముందొక సెమికోలన్, వెనకొక సెమికోలన్ తగిలించండి. సెమికోలన్ తర్వాత ఖాళీ ఉంటే దానిని కూడా తీసివేయండి. ఇప్పుడు ప్రతి వర్గానికీ రెండువైపులా గోడలు కట్టినట్టు అవుతుంది. "దాతలు" అని కాకుండా రెండువైపులా సెమికోలన్లతో కలిపి "దాతలు" అని వెతికితే రక్తదాతలు అందులో పడరు, ఎందుకంటే "రక్త"కూ "దాతలు"కూ మధ్య గోడ లేదు. మాజీ సభ్యులు కూడా ఇలాగే బయట ఉండిపోతారు.

నాలుగోమెట్టు

గడులపట్టిక గారు చెప్పిన "ఒకే గడిలో ఇరుక్కున్న వర్గాలు" అన్న మాటకు మూలం కొంతవరకు ప్రమాణాల్లోనే ఉంది. కాంటాక్టులను ఒక ప్రోగ్రాము నుంచి మరొకదానికి మోసుకుపోయే వీకార్డ్ ఫైళ్లలో వర్గాల కోసం ప్రత్యేకమైన గడి 1998లో వచ్చిన 3.0 రూపంతో చేరింది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6350గా వెలువడిన 4.0 రూపంలో కూడా అది కొనసాగింది. ఒక్క గడిలోనే వర్గాలను కామాలతో వేరుచేసి రాస్తారు. కాబట్టి వర్గం పేరులోనే కామా పెట్టుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు. "దాతలు, శాశ్వత" అని పేరు పెడితే, దాన్ని రాసే ప్రోగ్రాము ఆ కామాకు ముందు వెనకవాలు గీత (\) వేయడం మరచిపోయిన రోజున అది రెండు వర్గాలుగా చీలిపోతుంది.

4.0 రూపంలో ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. గ్రూపునే ఒక కార్డుగా చేసి, అందులో సభ్యుల పట్టిక రాయవచ్చు. అంటే వర్గం మనిషి కార్డు మీద రాసి ఉండటం ఒక పద్ధతి, మనిషి పేరు వర్గం కార్డు మీద రాసి ఉండటం మరొక పద్ధతి. ఒకచోట మొదటి పద్ధతిలో ఉన్న పుస్తకాన్ని రెండవ పద్ధతి వాడే ప్రోగ్రాములోకి తీసుకుపోయినప్పుడు వర్గాలు మాయమైనట్టు కనబడటానికి తరచుగా ఇదే కారణం. ప్రోగ్రాము మారే ముందు ఒకే ఒక్క కార్డును, రెండు వర్గాలు ఉన్నదానిని, ఎగుమతి చేసి అవతల తెరిచి చూడటం నా అలవాటు.

అదే 2011లో కార్డ్‌డావ్ ప్రమాణం కూడా ఆర్‌ఎఫ్‌సీ 6352గా వచ్చింది. సర్వరు మీదున్న పుస్తకాన్ని ప్రోగ్రాము ప్రశ్నించే పద్ధతి అందులో ఉంది. షరతులన్నీ నెరవేరాలా, ఏ ఒక్కటి నెరవేరినా చాలా అనేది ప్రశ్నలోనే చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే ఏ ఒక్కటైనా చాలునని సర్వరు భావించాలి. మాటను ఎలా పోల్చాలో చెప్పకపోతే "గడిలో ఎక్కడ ఉన్నా సరే" అని భావించాలి. ఉత్తరాలసంచి గారికి ఎదురైన రెండు చిక్కులూ ఈ ప్రమాణంలో ఎవరూ ఏమీ చెప్పనప్పుడు వర్తించే నియమాలుగా ఉండటం గమనించారా? వెతికేటప్పుడు తక్కువ దొరకడంకంటే ఎక్కువ దొరకడం మేలనే ఆలోచన దీనికి కారణమై ఉండవచ్చునని నా ఊహ. మనిషిని వెతకడానికి ఆ ఆలోచన సరైనదే. ఉత్తరాలు పంపడానికి మాత్రం సరైనది కాదు.

వెన్నెలవాకిలి

తెలుగులో వర్గాల పేర్లు పెట్టుకునేవారికి ఒక హెచ్చరిక. మా పుస్తకంలో "టీమ్‌లీడర్లు" అనే వర్గం రెండుసార్లు కనబడేది. అక్షరం అక్షరం పోల్చినా తేడా తెలియలేదు. చివరికి తేలిందేమిటంటే, ఒకదానిలో "మ్" తర్వాత పొల్లు విడిగా నిలబడటానికి కంటికి కనబడని విభజన అక్షరం ఒకటి ఉంది, రెండవదానిలో దాని బదులు మామూలు ఖాళీ ఉంది. మా ప్రోగ్రాములోని చిన్న అక్షరాల్లో ఆ ఖాళీ కూడా దాదాపు కనబడదు. మనుషుల కంటికి ఒకే వర్గం, ప్రోగ్రాముకు రెండు వర్గాలు. రెండు వర్గాలు కలిసినచోటు అడిగితే సగం మంది రాకపోవడానికి ఇదే కారణం అయింది.

"సంఘం", "సంఘము" అని ఇద్దరు రెండు విధాలుగా రాసినా ఇదే జరుగుతుంది. అందుకని నేను ఇప్పుడు వర్గం పేరును ఎప్పుడూ టైపు చేయను, ఉన్న పట్టికలోంచే ఎంచుకుంటాను. కొత్త వర్గం సృష్టించే పని కూడా ఒక్కరికే అప్పగించాము.

గడులపట్టిక

పేర్ల విషయం వచ్చింది గనుక నా అభిప్రాయం ఒకటి. "సభ్యులైన దాతలు" అని కొత్త వర్గమే సృష్టిస్తే ఈ ఫిల్టర్ల బాధ ఉండదు కదా అని కొందరికి అనిపిస్తుంది. నేను దానిని గట్టిగా వద్దంటాను. ఆరు మూల వర్గాలు ఉంటే, ఒక మనిషికి అవి ఉండటం లేకపోవడం బట్టి 64 రకాల కలయికలు సాధ్యం. ప్రతి కలయికకూ ఒక వర్గం పెట్టుకుంటూ పోతే, ఒక దాత కొత్తగా సభ్యుడైనప్పుడు అతని కార్డులో ఎన్ని వర్గాలు మార్చాలో ఎవరికీ గుర్తుండదు. ఒక వర్గం ఒకే ఒక్క విషయం చెప్పాలి. కలపడం, తీసివేయడం ఫిల్టర్ పని. "2023 దాతలు", "2024 దాతలు" అని ఏటా ఒక వర్గం పెంచడం కూడా ఇటువంటిదే. సంవత్సరం వేరే గడిలో ఉండవలసిన విషయం.

నాలుగోమెట్టు

ఈ చివరి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. ఎస్‌క్యూఎల్ ట్యాబ్ వంటివి లేని ప్రోగ్రాముల్లో, ఏడాదికి ఒకసారి జరిగే పనికి తాత్కాలికంగా ఒక కలయిక వర్గం పెట్టుకుని, పని అయ్యాక తొలగించడంలో తప్పు లేదు. అయితే దాని పేరులోనే "తాత్కాలికం" అనే మాట ఉండాలి.

గడులపట్టిక

తాత్కాలికం అని పేరు పెట్టినది శాశ్వతంగా ఉండిపోయిన పుస్తకాలను నేను శుభ్రం చేశాను. తొలగించే తేదీని కూడా ఆ పేరులోనే రాస్తానంటే ఒప్పుకుంటాను.

నాలుగోమెట్టు

తేదీ రాయడం మంచి ఆలోచన. అలాగే చేస్తాను.

ఉత్తరాలసంచి

మీరందరూ చెప్పినవి చదివి ఈ రోజు మళ్లీ కూర్చున్నాను. ముందుగా పుస్తకం మొత్తాన్ని ఎగుమతి చేసి ఒక నకలు భద్రపరిచాను. తర్వాత కొత్త వ్యూ సృష్టించి, ఒక్క వర్గానికి టిక్ పెట్టి, ప్రోగ్రాము రాసుకున్న షరతునే నకలు తీసి "యాండ్" చేర్చాను. ఈసారి సరిగ్గా 45 మంది వచ్చారు. తర్వాత లేఖలు వద్దన్నవారిని తీసివేసే షరతును చేర్చితే 39 మంది మిగిలారు. తప్పించబడిన ఆరుగురి కార్డులనూ తెరిచి చూశాను. ఆరుగురికీ ఆ వర్గం ఉంది.

మౌనపాఠకురాలు గారి మాట మనసులో పెట్టుకుని ఇంకొక పని కూడా చేశాను. గత మూడు నెలల్లో మాకు వచ్చిన ఉత్తరాల్లో "వద్దు", "ఆపండి" అనే మాటలు వెతికాను. మరో ఇద్దరు ఉత్తరాలు ఆపమని రాశారు, కానీ వారి కార్డులకు ఆ వర్గం తగిలించలేదు. అందులో ఒకరు ఈ 39 మందిలో ఉన్నారు. ఇప్పుడు తగిలించాను. జాబితా 38కి వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. ఈ 38 మందికీ ఒకే ఉత్తరం పంపితే, ఒకరి చిరునామా మరొకరికి కనబడుతుందా?

మౌనపాఠకురాలు

చిరునామాలను "టు" గడిలో గానీ "సీసీ" గడిలో గానీ పెడితే అందరికీ కనబడతాయండి. "బీసీసీ" గడిలో పెట్టండి, అప్పుడు అందుకునేవారికి మిగిలినవారి చిరునామాలు కనబడవు. "టు" గడిలో మీ సంస్థ చిరునామానే పెట్టుకోండి. ఫిల్టర్ చూపిన జాబితాలో అందరినీ ఎంచుకుని నేరుగా ఉత్తరం మొదలుపెడితే చిరునామాలు "టు" గడిలోకి వెళ్లి కూర్చుంటాయి. పంపే ముందు వాటిని కత్తిరించి "బీసీసీ"లోకి మార్చడం మరవకండి. ఒకటికంటే ఎక్కువ చిరునామాలు ఉన్న కార్డుల నుంచి ఒకే మనిషివి రెండు చిరునామాలు వచ్చి ఉంటాయి, అవి కూడా ఒకసారి చూసుకోండి.

ఉత్తరాలసంచి

మీరు చెప్పినట్టే ముగ్గురివి రెండేసి చిరునామాలు వచ్చాయి. పాతవి తీసివేశాను. 38 చిరునామాలు, అన్నీ "బీసీసీ"లో. ఉత్తరం ఇప్పుడే పంపాను.